బల్ల మీద ఐదో పేరు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. వయసు పంతొమ్మిది, చేతిలో టీచరు ఉద్యోగపు కాగితం, పెట్టెలో రెండు వాయిల్ చీరలు. ఇంకేం కావాలి? మలయా దేశంలో, తెలుక్ ఆన్సన్‌లో (ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్నారు, నా నోరు ఇంకా తిరగలేదు) పుట్టి పెరిగిన గుమాస్తా కూతుర్ని. మెర్దేకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చిన ఏడు ఒక కొబ్బరి ఎస్టేటు తెలుగు బడికి పంతులమ్మగా వెళ్లాను. అడవుల్లోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ మా వైపు ఇంకా తీరలేదు. ఎస్టేటు చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర తుపాకీ కాపలా, సాయంత్రం కర్ఫ్యూ గంట కొడితే ఎక్కడివాళ్లక్కడ లోపలికి పోవాల్సిందే. బియ్యం కూడా కొలిచి ఇచ్చేవారు. ఇచ్చినా నాకు వండటం రాదు (తెలియని సంగతి లేదన్నాను గానీ, వంటను సంగతుల్లో చేర్చలేదు).

నన్ను బతికించింది ఒక పెద్దమ్మ. పగలంతా ఇనుప మేకు మీద కొబ్బరికాయలు ఒలిచే మనిషి. నేను దిగిన మర్నాడే గుమ్మంలో నిలబడి, "ఓలమ్మా, ఏటి ఈ గుంట ఇలా ఎండిపోనాది!" అని, అప్పట్నుంచి తమ కొలత బియ్యంలోంచే రోజూ మధ్యాహ్నం అన్నం, చేపల పులుసు గిన్నెలో పెట్టి తెచ్చేది. వద్దంటే వినేది కాదు, నేనూ గట్టిగా వద్దన్నది లేదు. ఆవిడలో ఒక్కటే వింత. నా వంటింట్లోకి దూరే పిల్లిని పిల్లి అనేది కాదు. "ఆ తోకదాన్ని తోలీ తల్లీ" అనేది. పల్లె మాట కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఇంతలో మా తెలుగు సంఘానికి ఒక ఆలోచన వచ్చింది. ఎస్టేటు తరఫున ఫుట్‌బాల్ ఆడి విరమించుకున్న పాతవాళ్లలో గొప్పవాళ్ల పేర్లు బల్ల మీద రాయించి, మెర్దేకా పొద్దున క్లబ్బు గోడకు తగిలించాలని. దొర మంచి చెక్క ఇచ్చాడు. గుమ్మంలోంచి కనబడేంత అక్షరాలైతే ఐదు పేర్లే పడతాయని వడ్రంగి తేల్చాడు. నలుగురు పెద్దల కమిటీ ఏర్పడింది. దస్తూరీ బాగుంటుందని పేర్లు రాసే పని నాకిచ్చారు. సభకు పోలీసుల అనుమతి చీటీ కావాలి, కర్ఫ్యూ గంట కొట్టగానే వాదన ఎక్కడుంటే అక్కడ ఆపాలి. మళ్లీ ఆదివారం మొదటినుంచీ మొదలుపెట్టాలి, ఎందుకంటే పోయిన వారం ఎవరు గెలిచారో ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

"జపానోడు మనల్ని ఏలిన కాలంలో ఏసిన గోల్ ఎలా లెక్కెడతావు? అప్పుడు బంతేది? కొబ్బరిపీసు కట్టి ఆడినారు!" అని ఒకాయన.

"పీసు బంతితో ఏస్తే గోల్ కాదేటి? నువ్వేసి సూడు, తెలుస్తాది!" అని ఇంకొకాయన.

"కల్లు తాగి ఆడినోడి పేరు బల్లెక్కుతాదా? పిల్లలు సూస్తారు."

"తాగకుండా ఆడినోణ్ని సూపించు, ఆడి పేరే రాసీద్దాం."

"ఆర్డర్ లా, ఆర్డర్!" అని బల్ల చరిచేవాడు కెరాణి మావయ్య. (ఎస్టేటు ఆఫీసులో గుమాస్తా, కమిటీకి పెద్ద. అందరికీ మావయ్యే. మాట చివర ఆ 'లా' మలయా అలవాటు.) ఆరు ఆదివారాలకు నాలుగు పేర్లు తేలాయి. ఐదో చోటు దగ్గర మాత్రం బండి కూరుకుపోయింది. ఇద్దరు 'తలుపు' అని ఊరు పేరు పెట్టిన ఆటగాడి వైపు, ఇద్దరు 'పిల్లి' అనే ఆటగాడి వైపు. పోటీలో ఉన్నవాళ్లు సభకు రాకూడదని నియమం కాబట్టి ఆ ఇద్దరితో నాకు ముఖపరిచయం లేదు. చివరికి మావయ్య, "పంతులమ్మకి ఆట గురించి ఏటీ తెలీదు. అందుకే పక్షపాతం ఉండదు. ఆవిడే సెప్పాలి" అన్నాడు. అది పొగడ్తేనని నేను అనుకున్నాను.

మర్నాడు పెద్దమ్మ గిన్నె దించి వెళ్లకుండా నిలబడింది. "తల్లీ, ఒక్క మాట. మాయన కూడా ఆడినోరే. ఆయనుండగా బంతి దాటి ఎల్లేది కాదు. ఇప్పుడు రొమ్ముజబ్బు. మల్లీ దీపావళికి ఉంటారో లేదో. ఆ బల్ల మీద ఆయన పేరు సూస్తే సాలు, నాకింకేటీ వద్దు" అంది. కళ్లు తుడుచుకుంది. మొగుడి పేరు చెప్పకూడని మనిషిని పేరడగటం తప్పని నాకు తెలుసు. ఇంకొకరిని అడిగితే, తీర్పరి దగ్గరికి సిఫారసు వచ్చిందని ఊరంతా తెలుస్తుంది. నా తెలివి ఉండనే ఉంది కదా! బంతి దాటనివ్వనివాడు తలుపు కాక ఇంకెవడు? ఆ వారం సభలో 'తలుపు' అని గంభీరంగా చెప్పాను. మావయ్య ఆఫీసు పుస్తకంలోంచి ఐదుగురి అసలు పేర్లు చీటీ మీద రాసిచ్చాడు. నేను బల్ల మీద ముద్దుగా దిద్దాను. తిన్న పులుసు రుణం తీరిందని ఎంత మురిసిపోయానో!

మెర్దేకా పొద్దున క్లబ్బు నిండా జనం. నేను ఒక్కొక్క పేరూ చదువుతుంటే ఒక్కొక్కరూ వచ్చి దండ వేయించుకుంటున్నారు. ఐదో పేరు చదివి పెద్దమ్మ వైపు చూసి నవ్వాను. జనంలోంచి ఆరడుగుల మీసాలాయన లేచి వచ్చాడు, వెనకే ఆయన భార్య. పెద్దమ్మ చప్పట్లు కొడుతోంది గానీ చూపు నేలమీదుంది. ఆవిడ పక్కన కుర్చీలో గొంగళి కప్పుకున్న చిన్న ముసలాయన దగ్గుకుంటూ తనూ చప్పట్లు కొడుతున్నాడు. "పాపం, పిల్లికి రానేదు" అని మావయ్య నా చెవిలో గొణిగాడు. ఆ కుర్చీలో ముసలాయనే పిల్లి, గోల్‌కీపరు. మొగుడి పేరే కాదు, ఊరు పెట్టిన పేరు కూడా పెద్దమ్మ నాలుక మీదికి రాదని, నా వంటింటి పిల్లిని తోకది అన్నది అందుకేనని నాకు అప్పుడు వెలిగింది. అంతమందిలో భోరుమని ఏడ్చాను. "తప్పు నాదే, నేనే పొరపడ్డాను" అని మాత్రం అనగలిగాను.

ఎందుకు పొరపడ్డావని ఒక్కరు అడిగినా పెద్దమ్మ పరువు పోయేది. ఎవరూ అడగలేదు. మీసాలాయన తన దండ తీసి పిల్లి తాత మెడలో వేశాడు. "ఎనకాల ఈడున్నాడన్న దయిర్నంతోనే నాను ముందుకెల్లేవోణ్ని. పంతులమ్మా, నా పేరు సెరిపీ, ఈడి పేరు రాసీ" అన్నాడు. "ఈడి పేరు సెరిపితే నాది రాయనివ్వను" అని తాత దగ్గుతూనే లేచాడు. ఆరు వారాలు పేరు ఎక్కించమని కొట్టుకున్న ఊరు, ఇప్పుడు దించమని, వద్దని కొట్టుకుంది. చివరికి వడ్రంగే, "అడుగున జానెడు జాగా ఉంది గదా, సిన్నచ్చరాలు ఏస్తే సరి" అన్నాడు. అంత సేపూ ఆ ముక్క ఎవరికీ తట్టలేదు.

బ్రష్షు పట్టుకుని తాతను పేరడిగాను. "నలభయ్యేళ్లు కాపరం సేసింది, దాన్నడుగు" అని ఆ దగ్గులోనే నవ్వాడు. జనమంతా నవ్వారు. పెద్దమ్మ సిగ్గుపడి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తాత చొక్కా జేబులోంచి ఐడెంటిటీ కార్డు తీసి (ఎమర్జెన్సీలో అది లేనిదే గడప దాటకూడదు) నా చేతిలో పెట్టింది. ఫొటో కింద పేరుంది. నేను పైకి చదివాను. చీమల్లాంటి అక్షరాలతో రాశాను. ఆ పేరు ఇక్కడ రాయను, బల్ల మీద ఉంది, చాలు. రాయడం అయ్యాక పెద్దమ్మ నా పక్కకొచ్చి మెల్లగా అంది: "ఇంకోపాలి సదువు తల్లీ. నాను పలకకూడదు గదా. ఇనాలనుంది."

మళ్లీ చదివాను. కళ్లు మూసుకుని వింది. ఇంకోసారి చదివాను. ఈలోగా ఎవరో పిలిస్తే, ఫొటో తీస్తున్నారని, నా కొత్త చీర మడతలు సర్దుకుంటూ పరిగెత్తాను. నా తప్పును కడుపులో పెట్టుకుని ఆ మధ్యాహ్నం కూడా పులుసు పంపిన ఆ ఊరికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆ పరిగెత్తే పిల్లను మాత్రం ఇప్పుడు కొంగు పట్టుకుని ఆపాలనిపిస్తుంది. ఫొటో ఎక్కడికీ పోదే పిచ్చిదానా, ఆవిడకు ఇంకొక్కసారి చదివి వెళ్లు.