దుగ్గిరాల మలుపు దాటించిన మాస్టారు

తెనాలిలో నాకు డ్రైవింగ్ నేర్పిన మాస్టారు పోయిన సోమవారం రేపల్లెలో, కూతురింట్లో కన్నుమూశారు. కబురు తెలిసేసరికి నేను చీరాలలో చీరల మూటలు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాను. ఆ వ్యాన్ నడిపే ధైర్యం ఆయన ఇచ్చిందే.

మా ఆయన కుడిచెయ్యి నలిగి పట్టు పోయాక వ్యాన్ మూడు నెలలు ఇంటి ముందే నిలబడిపోయింది. నలభై రెండేళ్ల వయసులో నేనే నడుపుతానంటే నవ్వినవాళ్లే ఎక్కువ. బస్సు డ్రైవరుగా రిటైరైన మాస్టారు మాత్రం నవ్వలేదు. "రేపు పొద్దున్నే ఆరింటికి రండమ్మా. జారే చెప్పులు మాత్రం వద్దు" అన్నారు.

మొదటి రెండు రోజులు బండి కదలనివ్వలేదు. సీటు ముందుకు జరిపించి, అద్దాలు సరిచేయించి, రెండు చేతులూ స్టీరింగ్‌కి చెరోపక్క పెట్టించారు. నేను బిగదీసుకుని కూర్చుంటే, "దాని పీక పిసక్కండమ్మా, అది మనదే" అనేవారు. వేళ్లు కాస్త సడలిస్తేనే రోడ్డు సంగతి చేతికి తెలుస్తుందట. బండి కదిలించడం మొదలయ్యాక, పాఠం చివర ముందు చక్రాలు తిన్నగా నిలిపితేనే దిగనిచ్చేవారు.

పదో రోజు దుగ్గిరాల కాలవ కట్ట మీద, మలుపులో లారీ ఎదురొచ్చింది. భయంతో కాలవకేసి చూశాను. బండీ అటే జరిగింది. మాస్టారు ఒక చేత్తో స్టీరింగ్ నెమ్మదిగా సరిచేసి ఆపించారు. నేను దిగి, నా వల్ల కాదండి అని ఏడ్చేశాను.

"కాలవని చూస్తే కాలవలోకే పోద్దమ్మా. మనం పోవాల్సిన రోడ్డు చూడండి. నీళ్లు తాగి ఎక్కండి."

ఆ మలుపే ఆ పూట తొమ్మిదిసార్లు తిప్పించారు. తొమ్మిదోసారి ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు. నాకు అంతకంటే మెప్పు అక్కర్లేకపోయింది.

కిందటేడు బాపట్ల రోడ్డులో ముందు టైరు పేలింది. స్టీరింగ్ ఒక్కసారిగా ఎడమకు లాగేసింది. పక్కన మా ఆయన కేకేశాడు. బ్రేకు మీదికి పోబోయిన కాలు వెనక్కి తీసుకున్నాను. స్టీరింగ్ తిన్నగా బిగించి పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలాను. వేగం బాగా తగ్గాకే బండి రోడ్డు పక్కకు దింపాను. కిందికి దిగి మాస్టారికి ఫోన్ చేశాను.

"బ్రేకు గట్టిగా తొక్కారా?"

"లేదండి."

"స్టీరింగ్ అటూ ఇటూ తిప్పేశారా?"

"లేదండి. తిన్నగానే పట్టుకున్నానండి."

"ఇంక మీకు నేను చెప్పాల్సింది ఏం లేదమ్మా" అన్నారు.

కబురు తెలిసిన ఆ రోజే మూటలు తెనాలిలో దింపి రేపల్లె బయల్దేరాను. కళ్లనీళ్లతో రోడ్డు కనబడక ఒకచోట బండి ఆపి, తనివితీరా ఏడ్చి, ముఖం కడుక్కుని మళ్లీ ఎక్కాను. మాస్టారి కూతురుండే వీధి చివరిదాకా బండ్లే. కార్లు, ఆటోలు, ఒక స్కూలు బస్సు. చాలావాటిలో డ్రైవర్ సీట్లోంచి ఆడవాళ్లే దిగుతున్నారు. గోడ వారగా నిలిపిన ఆ బండ్లలో ఒక్కదాని ముందు చక్రం కూడా వంకరగా లేదు.