ఎన్నికలు రావాలని చేసిన ప్రార్థన

మా వాకిట్లో ఎవరు పేపరు తెరిచినా అక్క అడిగేది ఒకటే మాట. వాన కబురు కాదు, గుంటూరు యార్డులో మిరప ధర కాదు. "ఎన్నికలెప్పుడంట?" అని. ఆవిడకి చదువు రాదు. ఏ పార్టీ మీదా పట్టింపు లేదు. ఓటేసి వచ్చాక ఏ గుర్తుకి వేశావని అడిగితే "ముద్ర బాగానే పడిందిలే" అనేది. "ఈవిడ శాసనసభకి నిలబడేట్టుందే" అని మావారు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎనభైల మొదట్లో మావారికి అక్కావాళ్ళ ఊరి ప్రాథమిక పాఠశాలకి బదిలీ అయింది. పడమటి దిక్కున చీమకుర్తి కొండలు కనపడేవి. ఊరి చుట్టూ నల్లరేగడి; ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప. కొత్త ఊళ్ళో మాలాంటి వాళ్ళకి ఇల్లు దొరకడం కష్టమని చీరాలలో మా సంఘం వాళ్ళు ముందే చెప్పి పంపారు. అలాంటిది, అక్కావాళ్ళు తమ ప్రహరీ లోపలే రెండు గదులిచ్చి, తమ బావిలోనే మమ్మల్నీ చేద వేసుకోమన్నారు. ఆ మొదటి చేద నీళ్ళు కడవలో పోసుకుంటూ ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాను. అక్క నాకు చుట్టం కాదు, మా కులమూ కాదు, మా దేవుణ్ణి కొలిచేదీ కాదు. నేను అక్కా అన్నాను, ఆవిడ పలికింది. అంతే.

వాళ్ళాయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి. తొలి కోత మిరపపండ్లు మా గుమ్మం ముందు పెట్టకుండా తన ఇంట్లోకి తీసుకుపోయేవాడు కాదు. నాకు టైఫాయిడ్ వస్తే తనే బండి కట్టి ఆసుపత్రికి తోలాడు. కోపం మాత్రం జాస్తి. సారా పడితే ఇంకా జాస్తి. ఆ అరుపులు మా గదుల్లోకి వినపడేవి. ఊళ్ళో అరవని మగవాడు ఎవడున్నాడులే అనుకునేదాన్ని.

వాళ్ళ మధ్యగది గోడకి రెండు కొయ్యమేకుల మీద తుపాకీ ఉండేది. అక్క మామగారి నాటిది, ఒంటి గొట్టం. కొండ దిగి చేలల్లో పడే అడవిపందుల కోసం లైసెన్సు తీసుకున్నారట. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అలాంటి తుపాకులన్నీ పోలీసు స్టేషనులో అప్పగించాలి, అయిపోయాక తెచ్చుకోవాలి. ఇది నాకు తెలుసు. అక్క ప్రశ్నా తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం తోచలేదు.

తోచాల్సినవి ఇంకా రెండున్నాయి. వాళ్ళ మధ్యగదిలో కప్పు మీద ఒక పెంకు పగిలి, వానొస్తే కింద సత్తుగిన్నె పెట్టేవాళ్ళు. కోతులు పగలగొట్టాయని చెప్పారు. రెండోది పొయ్యి. వంటింట్లో కిటికీ కింద పొయ్యి ఉండాల్సిన చోట నల్లటి మసి మరక మాత్రమే ఉంది. పొయ్యి ఎదుటి మూలకి మారింది. పొగ పోయే దారి లేక అక్క కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. వాళ్ళ శాస్త్రంలో ఏదో ఉండి మార్చారేమోలే అనుకుని ఊరుకున్నాను.

ఎనభై ఐదు మార్చిలో ఎన్నికలు జరిగి ఫలితాలు కూడా వచ్చేశాయి. రేడియో కట్టేసి లేచేసరికి అక్క పెరుగు తోడుకని గిన్నెతో వచ్చి నిలబడింది.

"మళ్ళీ ఎప్పుడంట?"

"ఐదేళ్ళకి అక్కా."

ఆవిడ గిన్నె గడప మీద పెట్టి పక్కనే కూర్చుంది. తోడు సంగతి మరిచిపోయింది. "మీ దేవుణ్ణి కాస్త అడగకూడదా? తొందరగా రావాలని" అంది.

ఎందుకని అడిగాను. ఆవిడ చెప్పింది మూడు ముక్కల్లోనే. తుపాకీ స్టేషనులో ఉన్న ఈ నెలన్నరా తనకి అన్నం రుచి తెలుస్తోందట. వచ్చే వారం అది ఇంటికొచ్చేస్తుందట. ఇంతకంటే అడగవద్దంది. గిన్నె తీసుకుని, తోడు లేకుండానే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నిజంగానే మోకరించాను. ఎవరు గెలవాలో చెప్పకుండా, ఊరికే ఎన్నికలు రావాలని ప్రార్థించినదాన్ని ఆ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. సగంలో నాకే నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. చివరికి "నీకు తోచినట్టు చెయ్యి తండ్రీ, కాని చెయ్యి" అని ఆపేశాను.

జవాబు నాలుగో రోజున ఖాకీ నిక్కరులో, సైకిలు మీద వచ్చింది.

తుపాకీ తిరిగి ఇవ్వడానికి, లైసెన్సు పొడిగించడానికి విచారణ చేసే పని మీద స్టేషను నుంచి హెడ్డు కానిస్టేబులుగారు వచ్చారు. పెద్దాయన, పొన్నూరు వైపు వరి పొలాల మనిషి. ఊళ్ళో మగవాళ్ళని నలుగురిని అప్పటికే అడిగేశారు. అక్కావాళ్ళాయన గురించి, ఆసామి ధర్మాత్ముడని నలుగురూ చెప్పారు. ఆసామి మాత్రం ఊళ్ళో లేడు, మిరప టిక్కీలు బండికెత్తుకుని గుంటూరు యార్డుకి వెళ్ళాడు. కాగితాల పని ఇక్కడ పూర్తి చేసుకుందామని హెడ్డుగారు మా ఉమ్మడి వాకిట్లో మంచం మీద కూర్చున్నారు. పక్కనే మిరప రాశి. చుట్టూ ఆరేడుగురం కూర్చుని తొడిమలు తీస్తున్నాం.

ఊరికే కూర్చున్నా బాగుండేది. ఆయన ఒక కాయ తీసుకుని, వడ్లు నలిపి చూసినట్టు వేళ్ళ మధ్య నలిపి, గింజలు అరచేతిలో పోసుకుని పరీక్ష చేశారు. తర్వాత తుమ్మారు. తుమ్మి, అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నారు.

మా మధ్య అందరికంటే పెద్దది, పళ్ళు లేని కూలి ముసలమ్మ ఒకావిడ ఉంది. చెయ్యి ఆపకుండానే, "ఏందయ్యా హెడ్డూ, వడ్లనుకున్నావా?" అంది. ఆరేడుగురం ఘొల్లున నవ్వాం. ఆయన మాత్రం మంచం చుట్టూ తిరుగుతున్నారు.

అక్క పరుగెత్తుకెళ్ళి మజ్జిగతో ఆయన చేతులు కడిగించింది. నేను చన్నీళ్ళతో కళ్ళు కడిగించి, చల్లటి పాలలో గుడ్డ తడిపి కట్టాను. కళ్ళకి గుడ్డతో, చేతుల నుంచి మజ్జిగ కారుతూ ఆయన మంచం మీద వెల్లకిలా పడుకున్నారు. కాసేపటికి, "ఐదు గంటలకల్లా స్టేషనులో ఉండాలమ్మా. రాయటం వచ్చినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగారు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా ఊళ్ళో బడి వాగుకి అవతల ఉండేది. మా నాన్న పలకా, పాత పోస్టుకార్డులూ ముందేసుకుని ఇంట్లోనే నేర్పాడు. ఆయన పద్ధతి ఒకటుంది. వాక్యం చదివించి, అర్థం చెప్పించి, పుస్తకం మూశాక అడిగేవాడు: ఈ కథలో నోరు విప్పనిది ఎవరు, అని. కథలో ఎవరో ఒకరు మాట్లాడకుండా ఉండేవాళ్ళు. వాళ్ళు ఏమనుకుని ఉంటారో చెబితేగాని బెల్లంముక్క పెట్టేవాడు కాదు.

ఆ కాగితం చేతిలోకి తీసుకుని ప్రశ్నలు ఒక్కొక్కటే పైకి చదివాను. ఊళ్ళో పగలున్నాయా? పొలం గట్టు తగాదాలున్నాయా? పార్టీ గొడవలున్నాయా? పంటకి పందుల బెడద నిజమేనా? హెడ్డుగారు చెబుతుంటే రాసుకుంటూ పోయాను. ఎనిమిది ప్రశ్నలు. కాగితం అయిపోయింది. బెల్లంముక్క గుర్తొచ్చింది.

"హెడ్డుగారూ, ఇంట్లోవాళ్ళని అడగమని ఇందులో లేదేంటండి?"

"ఇంట్లోవాళ్ళనేం అడుగుతామమ్మా?"

"తుపాకీతో ఒకే కప్పు కింద ఉండేది వాళ్ళే కదండీ."

తొడిమలు తీసే చేతులు ఆగిపోయాయి. హెడ్డుగారు గుడ్డని కళ్ళకి అదుముకున్నారు. గుడ్డ కింద కళ్ళు ఎలా ఉన్నాయో తెలియదు. తర్వాత మెల్లగా చెప్పారు. వెనక పనిచేసిన చోట ఒక ఇంటికి ఇలాగే అంతా బాగుందని రాశారట. ఏడాది తిరక్కుండా అదే ఇంటికి పంచనామాకి తనే వెళ్ళాల్సొచ్చిందట. "ఆ ఇంట్లో కూడా ఎవరినీ అడగలేదమ్మా నేను" అన్నారు. అని, ఆ ఇంటావిడ ఉంటే పిలవమన్నారు.

అక్క ఆయన పక్కనే, మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. ఖాకీ బట్టలు కనపడితే తలుపు చాటుకి పోయే మనిషి. ఆ రోజు పోలేదు. ఆయనకి తను కనపడదన్న ధైర్యం కావచ్చు.

"ఆయన ఎప్పుడూ నా మీద పేల్చలేదండి" అంది. "తాగొస్తే దాన్ని దించి ఒళ్ళో పెట్టుకుంటారు. తుడుస్తా మాట్లాడతారు. కూరలో ఉప్పు సంగతైనా సరే, దాన్ని తుడుస్తానే. గొట్టం ఎటుందో నేను చూసుకోవాల. ఒకసారి అదే పేలింది. ఆ పెంకు కోతులు పగలగొట్టలేదు. అప్పుడే పొయ్యి పడగొట్టి ఎదుటి మూలకి మార్చుకున్నా, మధ్యగది గుమ్మానికి వీపు పెట్టి వండటానికి భయమేసి. పదకొండేళ్ళయింది."

ఆ పొయ్యి ముందు నిలబడి నేను ఎన్నిసార్లు పొగకి దగ్గి నవ్వానో.

హెడ్డుగారు లేచి కూర్చున్నారు. ఇది రాస్తే తుపాకీ రాదని, ఆసామికి తెలుస్తుందని విడమరిచి చెప్పి, రాయమంటావా అని అడిగారు. అక్క నా వంక చూసింది. నేను కలం పైకెత్తి పట్టుకున్నాను, ఆ మాట ఆవిడది.

"రాయండి" అంది.

అంచున మిగిలిన ఖాళీలో తొమ్మిదో ప్రశ్న నేనే వేసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసి, తిరిగి చదివి వినిపించాను. అక్క వేలిముద్ర వేసింది. హెడ్డుగారు ఒక కన్ను తెరిచి సంతకం చేశారు. "ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదే" అని ఆయన అంటుంటే, "మీరు అడిగితే కదా" అని ముసలమ్మ మళ్ళీ తొడిమల్లో పడింది. ఆ సాయంత్రమే ఆవిడ తన నులకమంచం మోయించుకొచ్చి అక్కావాళ్ళ వసారాలో వేసుకుంది. ఆసామి తిరిగొచ్చాక కూడా పది రోజులు కదల్లేదు. ఎందుకని అడిగితే, "మా గుడిసెలో ఉక్కపోత" అనేది. నేను ప్రార్థనలో మిరపకాయకి స్తోత్రం చెప్పాను. అంతకుముందు ఎన్నడూ చెప్పినదాన్ని కాదు.

ఎస్సైగారు ఆసామిని స్టేషనుకి పిలిపించి మాట్లాడారు. ఏమన్నారో మాకు తెలియదు. తుపాకీ ఇక తిరిగి ఇచ్చేది లేదని, ఇంట్లో చెయ్యి లేచినా గొంతు లేచినా మళ్ళీ పిలుస్తామని చెప్పారని తర్వాత విన్నాం. మర్నాడు పొద్దున నేను బియ్యం చెరుగుతుంటే ఆసామి మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. మావారు బడికి వెళ్ళిపోయారు. నేను చేట కింద పెట్టాను. వసారాలో ముసలమ్మ లేచి కూర్చుంది.

"పంతులమ్మగారూ, ఆ కాగితం రాసింది మీరేనంట గదా."

"నేనేనండి."

"నేను దాన్ని పేల్చేవాణ్ణనుకున్నారా?"

"నేను అనుకోలేదండి. అక్క పదకొండేళ్ళు అనుకుంది."

ఆయన మా మెట్టు మీద కూర్చుండిపోయాడు. లేచేటప్పుడు, "ఆ పెంకు కోతులే పగలగొట్టినయ్యని నేనూ నమ్మేశానమ్మా" అన్నాడు. మేమున్న అద్దె గదులు పోతాయనుకున్నాను. పోలేదు. ఆ మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని పెంకు మార్చాడు.

ఆయన దేవుడైపోలేదు. సారా మానలేదు, తగ్గింది. అరుపులు ఉండేవి. తేడా ఏమిటంటే ఇప్పుడు రెండు గొంతులు వినపడేవి. అక్క గొంతే పైన ఉండేది. పందుల కోసం ఖాళీ కిరసనాయిలు డబ్బాకి తాడు కట్టుకుని చేలో వాయించేవాడు. మొదట పందులు పోయేవి, తర్వాత పక్క చేలవాళ్ళు కూడా పోయేవాళ్ళని మావారి హాస్యం. తుపాకీ స్టేషను నుంచే, తుపాకులు కొని అమ్మే లైసెన్సున్న దుకాణానికి వెళ్ళిపోయింది. మేకుల మీద అక్క జల్లెడ ఒకదానికి, చేట ఒకదానికి తగిలించింది.

నా ప్రార్థన కూడా వృథా పోలేదు. ఐదేళ్ళని నేను చెప్పింది తప్పయింది. రెండేళ్ళకే మండలం ఎన్నికలొచ్చాయి. హెడ్డుగారు మళ్ళీ తుపాకుల జాబితాతో ఊళ్ళోకొచ్చి, ఆ ఇంటికి పనిలేకపోయినా మా వాకిట్లో సైకిలు ఆపారు. అక్క వంటింట్లో ఉంది. కిటికీ కింద, పాత మసి మరక ముందు కొత్తగా అలికిన పొయ్యి. పొగ కిటికీలోంచి బయటికి పోతోంది. ఆవిడ వీపు గుమ్మం వైపు ఉంది.

"ఎన్నికలొచ్చినయ్యమ్మా. తుపాకీ ఏమన్నా ఉందా?" అన్నారాయన, నవ్వు దాచుకుంటూ.

అక్క వెనక్కి తిరిగి చూడలేదు. కూర కలుపుతూనే చెప్పింది.

"లేదు. మజ్జిగ ఉంది. ముందు మిరపకాయలు ముట్టుకోకుండా అటు కూర్చోండి."