మూత మీద పిండి ముద్దలు

చపాతి పిండి కలిపి తడిబట్ట కప్పేముందు బొటనవేలితో ఒక నొక్కు నొక్కడం నాకు అలవాటు. ఈ ఉదయం ఆ గుంట చూస్తుంటే ముక్కుకు పెట్రోలు వాసన తగిలినట్టయింది. వంటింట్లో పెట్రోలు ఎక్కడిది? పిండికి ఆ వాసనను ముడిపెట్టిన మనిషి గౌస్ చాచా. పెబ్బేరులో పశువుల అంగడికి పోయే దారిలో జీపులు బాగుచేసేవారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ పిండి ముద్ద చేతిలోకి తీసుకుంటే, దీన్ని పెనం మీద వేయాలా, బానెట్ కింద పెట్టాలా అని నవ్వొస్తుంది. ఆ వెంటనే బెంగ కూడా వస్తుంది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. వీపనగండ్ల దగ్గర మా ఊరి నుంచి గద్వాల దాకా పత్తి విత్తనాల పొలాలు చూసే ఉద్యోగం. నా జీతంతో పాత పెట్రోలు జీపు కొన్నాను. నాగర్‌కర్నూల్ వైపు బీడు భూముల్లో జీపుల పోటీ పెడుతున్నారని విని, ఎవరినీ అడక్కుండా పేరిచ్చేశాను. మా నాయన ఎద్దు పళ్లు చూడందే పగ్గం పట్టని మనిషి. "పోటీ మొత్తం నడుపు, నీ అంతట నువ్వే ఇంటికి తోలుకరా. తాడు కట్టి గుంజుకొచ్చినవో, మర్నాడే అమ్ముడు" అన్నాడు. కొనేవాడిని కూడా చూసిపెట్టుకున్నాడు. జీపు పోతే మళ్లీ ఎవరి బండి వెనకో కూర్చుని పొలాలకు పోవాలి. అది తలచుకుంటేనే నాకు ఒళ్లు మండేది.

గాలి బాగా అందితే ఇంజన్ ఉరుకుతుందని ఎక్కడో విని, హైదరాబాద్ నుంచి తళతళలాడే ఎయిర్ క్లీనర్ బేస్ తెప్పించాను. కార్బురేటర్ నోటి మీద కూర్చునే పళ్లెం అది. దానిలో ఫిల్టర్, ఆ పైన మూత. నేను తెచ్చింది గిన్నెలా కిందికి దిగిన లోతు పళ్లెం. చాచా దాన్ని అటూ ఇటూ తిప్పి, "గింత లోతుది ఎందుకు బేటీ?" అన్నారు.

"ఎత్తుది పెడితే బానెట్ పడదు చాచా."

"చూసినవా, అనుకున్నవా?"

అనుకున్నాను. కానీ ఆ మాట నోట రాలేదు. "అందరు గట్లనే అంటరు" అని గొణిగాను.

ఆయన లోపలికి తిరిగి, "జర పిండి ఇయ్యి" అని కేకేశారు. "తినేటందుకా, బండికా?" అంది చాచీ. బండికే అనగానే, "అయితే నిన్నటిది తీస్కో" అని గిన్నె బయటికి తోసింది. తన దగ్గరున్న చదును పళ్లెం బిగించి, ఫిల్టర్ పెట్టి, మూత మీద నాలుగు ముద్దలు ఉంచి చాచా బానెట్ దించారు. ఎత్తి చూస్తే ముద్దలు అణిగాయి గానీ, అగ్గిపుల్ల గుచ్చితే సగం పుల్ల మునిగేంత మందం మిగిలింది. ఇంజన్ ఊగినా మూత బానెట్‌కు తగలదన్నమాట. నేను పెట్టిన ఖర్చంతా లేని ఇరుకు కోసం!

"లోతు పళ్లెం పెడితే మూత కార్బురేటర్ నోటి మీదికి దిగుతది. గాలి యాడికెళ్లి రావాలె? నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని అంగడి గేటు దాకా ఉరికి రా" అన్నారు. ఎద్దుల బేరగాళ్లంతా చూస్తుండగా ఉరికాను. రొప్పుతూ వచ్చాక కోపంతోనే, చెయ్యి తీసేసి మళ్లీ ఒకసారి ఉరికాను, తేడా ఎంతో తెలుసుకుందామని. చాచా పడీపడీ నవ్వి, "ఇగో, చూసుడంటే గిది" అన్నారు.

చదును పళ్లేలు ఆయన దగ్గర రెండున్నాయి. ఒకదాని నడిమి రంధ్రం అంచు కత్తిరించినట్టుంది, రెండోదానిది లోపలికి గుండ్రంగా వంగింది. ఆ అంచుల చుట్టూ కుట్టుదారం ముక్కలు గట్టిగా అంటించి ఇంజన్ వేగం పెంచాం. మొదటిదాని మీద దారాలు పిచ్చిపట్టినట్టు కొట్టుకున్నాయి. రెండోదాని మీద బుద్ధిగా లోపలికి వాలాయి. దాన్నే జీపుకు బిగించాం. గాలి కంటికి కనిపించడం నాకు అదే మొదలు. ఆ రోజు పొలాలకు పోవడమే మరిచిపోయాను.

పోటీనాడు మొదటి దఫాలో రెండో స్థానంలో వచ్చాను. మా నాయన మీసం దువ్వుకోవడం దూరం నుంచే కనిపించింది. ఆఖరి దఫాకు ముందు చాచా మూత తీశారు. కార్బురేటర్ నోట్లో సన్నటి ఎర్ర దుమ్ము! ఫిల్టర్ ఆనే చోట, ఆ పళ్లెం బయటి అంచు వెంట్రుకవాసి వంగి ఉంది. ఫిల్టర్ కిందినుంచి దుమ్ము లోపలికి పోతోంది. అలాగే నడిపితే ఇంజన్ పాడవుతుంది. నడపకపోతే జీపు అమ్ముడుపోతుంది. నాకు ఏడుపొచ్చింది.

"ఎట్లయింది?" అని మా నాయన ముందుకొచ్చాడు. చుట్టూ జనం. తప్పును దారి మీదికో, నా తోలకం మీదికో చాచా నెట్టేయొచ్చు. ఆయన చేతులు తుడుచుకొని, "నేనే బిగించిన. అంచు సాపుగుందని అనుకున్న. చూడలే" అన్నారు.

తర్వాత జీపు వెనక పడేసిన నా లోతు పళ్లెం తెచ్చి, దాని అంచును గాజు పలక మీద ఆనించి చూపించారు. ఎక్కడా సందు లేదు. "ఇంజన్ జర రొప్పుతది, గానీ దుమ్ము తినదు. మెల్లగ పో" అన్నారు. నోట్లో దుమ్మంతా తుడిచి దాన్నే బిగించారు. అందరికంటే ఆఖరున వచ్చాను, కానీ వచ్చాను. ఇంటికి నేనే నడిపాను. పెబ్బేరులో చాచా దిగిపోయాక, మా నాయన ముందు సీట్లోకి మారాడు. "బండి ఉండనియ్. తప్పు నాదన్నోని చేతిల పెట్టినవ్" అన్నాడు.

ఇప్పుడు నాకు వనపర్తిలో ట్రాక్టర్ విడిభాగాల దుకాణం ఉంది. నిన్న శ్రీరంగాపూర్ నుంచి ఒక రైతు, నేనిచ్చిన ఫిల్టర్ పట్టుకొని తిరిగొచ్చాడు. "సరిపోతదంటివి గదమ్మా, దుక్కి ఆగిపాయె" అన్నాడు. దుకాణం నిండా మనుషులు. డబ్బా మీద కొలత తప్పు రాశారని నెపం పెట్టడానికి నాలుక సిద్ధంగానే ఉంది. "కొలత చూడలేదన్నా. అనుకున్న" అన్నాను, ఎవరి ముఖమూ చూడకుండా.

ఆనాడు అంతమంది ముందు చాచా ఆ మాట తేలిగ్గా అనేశారని నిన్నటిదాకా అనుకుంటూ వచ్చాను.