లావు వైరు, సన్న తీగ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లోకంలో ఏదీ లేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పాసై అప్పటికి మూడు వారాలే మరి. ముందే ఒప్పేసుకుంటున్నాను, ఏ సంగతైనా నా నోట్లోంచి బయటికొచ్చేసరికి కాస్త ఉబ్బుతుంది. పూరీ లాంటిదనుకోండి, గాలి తీసేసినా పిండి మాత్రం మిగులుతుంది.

నాయ్‌గావ్‌లో మా మామకు పిండి గిర్ని ఉండేది. పాత మోటరు మూలుగుతోందని పది హెచ్‌పీ మోటరు తెప్పించి, వైరింగు నాకు అప్పగించాడు. "అల్లుడా, పోళా దాటెదాక గిర్ని ఆగద్దు. మంచిగ నడిస్తే పప్పు మిల్లు సేఠ్‌కు చెప్త, మిల్లు పనంత నీకే ఇస్తడు," అన్నాడు. నా జీవితంలో మొదటి పెద్ద పని దొరికేదీ జారిపోయేదీ ఆ మోటరు మీదే ఉంది. ఎద్దుల పండుగ పోళాకు ఇంటింటా పోలెలు (బొబ్బట్లే లెండి), పోలెలకు పిండి, పిండికి నేను. ఆ వరుసలో నన్ను నేను చూసుకున్నాక నా కాళ్లు ఒకచోట నిలవడం మానేశాయి.

వైరు కోసం నాందేడ్ బజారుకు వెళ్లాను. బస్సు తప్పిపోతుందని ఒక కాలు దుకాణంలో, ఒక కాలు రోడ్డు మీద. "మోటరు ఎన్ని హెచ్‌పీలది తమ్మీ?" అన్నాడు దుకాణదారు. కోర్సు పాసైనవాణ్ని పట్టుకుని అడిగే మాటేనా అది? వంకాయలు ఏరినట్టు వైరు చుట్టలన్నీ నొక్కి చూసి, అన్నిటికంటే లావుగా ఉన్నది చంకలో పెట్టుకున్నాను. "తోలు లావున్నది గని లోపల రాగి ఒక్క ఎంఎమ్మే. కరెంటు తోల్ల నడవది, తీగల నడుస్తది," అన్నాడాయన. "నాకెర్కే భయ్యా," అంటూ అప్పటికే సగం బస్సులో ఉన్నాను.

పోళా ముందురోజు గిర్ని దగ్గర వరుస హైదరాబాద్ దాకా సాగింది (సరే, బస్టాండు దాకా). మోటరు ఎత్తుకుంది. పావుగంటకు ఫ్యూజు పోయింది. మళ్లీ వేశాను, మళ్లీ పోయింది. జనం డబ్బాలు మోగిస్తున్నారు. "ఏంది పిలగా, పండుగ అయినంక పిండిస్తవా?" అన్నారెవరో. నేను ఫ్యూజు తీగను మూడు పేటలు మెలేసి బిగించాను. ఇక దాని జన్మలో పోలేదు. (వైరు కాలకముందే తాను తెగడమే ఫ్యూజు పని అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేనే.)

కాసేపటికి వరుసలోని ఒక అవ్వ ముక్కు ఎగబీల్చింది. "మాడిన వాసనొస్తున్నది కొడకా."

"కొత్త మోటరు గదా అవ్వా, గట్లనే ఉంటది."

"నాకు జెప్పకు. మా బోరు మోటరు కాలిన్నాడు గిదే వాసన. నీ వైరు చూడు, జిలేబి తిరిగినట్టు తిరుగుతున్నది."

తోలు మెత్తబడి గోడ మీదికి జారుతోంది. దాని మీద ఊరందరికీ రొట్టెలు కాల్చవచ్చు. పొగ లేచింది. నేను పులిలా దూకాను. ఒక చెప్పు ఊడి ఎవరిదో గోధుమల డబ్బాలో పడింది. ఇంకో చెప్పుతోనే వెళ్లి మెయిన్ గుంజాను.

మామ నన్ను తిట్టలేదు. పొలం మోటర్ల సామాను అమ్మే దుకాణం నుంచి నాలుగు ఎంఎం వైరు తెచ్చి నా ముందు పడేశాడంతే. ఈసారి చివర ఒలిచి, రాగి చూసుకున్నాకే బిగించాను. ఫ్యూజుకు దాని తీగ దానికి వేశాను. పొద్దుగూకేలోపు వరుస కరిగిపోయింది. అప్పుడొచ్చిన పప్పు మిల్లు సేఠ్ గోడ మీది నల్లమరక చూసి, "క్యా జలా?" అన్నాడు.

"వైరు కాలింది సేఠ్," అన్నాడు మామ. "మా అల్లుడు వాసన వట్టి, ఉరికి బంద్ చేసిండు. లేకుంటే గిర్ని బూడిదయ్యేది."

మిల్లు పని నాకే వచ్చింది. అక్కడి నుంచి ఇన్నేళ్లూ దాని మీదే బతికాను.

ఇక కల్పించినదేదో చెప్పాలి కదా. మెయిన్ గుంజింది మామే. అవ్వకు ఆ జవాబిచ్చి, ఆమె మిగతా మాట వినకుండానే నేను రోడ్డు దాటి, ఫ్యూజును జయించిన సంతోషంలో రెండో చాయ్ తాగుతున్నాను. పొగ చూసింది కూడా అక్కడి నుంచే. అయితే ఆ అబద్ధం నాది కాదు, మామది. నేను కలిపింది చెప్పు ఊడడం ఒక్కటే. సేఠ్‌తో ఆ మాట అంటూ, మెయిన్ గుంజినప్పుడు కమిలిన చేతిని మామ వీపు వెనక దాచుకున్నాడు. నాకిప్పుడు అప్పటి మామ వయసు. ఇన్ని కోతలు కోశాను గానీ, అంత పనికొచ్చే అబద్ధం ఒక్కటీ ఇంకా నా నోట రాలేదు.