మాస్టారి వాట్సాప్ పిలుపు

ఇమ్మానుయేలు మాస్టారు రాజోలు హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. లెక్కలు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆదివారం ప్రసంగం ఎన్ని నిమిషాలు పట్టిందో పాస్టరు గారికి చెప్పి గానీ చర్చి గేటు దాటరు. కూతురు శారోన్ పెళ్ళికీ లెక్కే వేశారు. పిలవాల్సినవి నాలుగు వందల ఇళ్ళు, ఇంటికి కాఫీతో కలిపి ఇరవై నిమిషాలు, వెరసి నూట ముప్పై మూడు గంటలు. ఎందుకొచ్చిన తిరుగుడని శుభలేఖ ఫోటో తీసి, చర్చి లొకేషన్ జతచేసి, అందరికీ వాట్సాప్‌లో కొట్టేశారు. తొమ్మిది నిమిషాల్లో పనైపోయింది.

ఆ తొమ్మిది నిమిషాలకి ఇరవై నెలలుగా అనుభవిస్తున్నారు. నలభయ్యేళ్ళ స్నేహితుడు, కొబ్బరి రైతు దొరబాబు గారు పెళ్ళికి రాలేదు. అప్పట్నుంచీ మాటల్లేవు. శారోన్‌ని చిన్నప్పుడు స్కూటరు ముందు నిలబెట్టుకుని బడికి దింపిన మనిషాయన. సొంతమనిషికి పిలుపేంటని ఈయన, సొంతమనిషిని ముందు ఇంటికొచ్చి పిలవాలి కదా అని ఆయన. ఇద్దరూ ఇద్దరే. సాయంత్రాలు కాలవగట్టు మీద మాస్టారు ఒక్కరే కూర్చుని టీ తాగేవారు. దొరబాబు ఒక్కసారి పలకరిస్తే చాలని ప్రాణం కొట్టుకునేది. తనే వెళ్ళి పలకరించొచ్చు కదా అంటే, అదిగో, అక్కడ మాస్టారి హోదా అడ్డొచ్చేది.

ఎరువుల కొట్టు సుభాష్‌కి ఇద్దరూ కావాలి. అంతర్వేది నుంచి నడిసంద్రానికి వెళ్ళి గేలాలేద్దాం రమ్మని ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు. రెండోవాళ్ళు రావడం లేదని కూడా ఇద్దరికీ చెప్పాడు. తెల్లారి పడవెక్కాక ఒకరినొకరు చూసుకున్నారు. దిగిపోదామంటే పడవ అప్పటికే గోదావరి మొగ దాటి సముద్రంలోకి వచ్చేసింది.

పడవ నడిపే నూకరాజు ఇరవై బారల లోతులో లంగరేశాడు. మాస్టారు ఎడమ వైపు, దొరబాబు గారు కుడి వైపు, ఒకరికొకరు వీపు పెట్టుకుని కూర్చున్నారు. తంగూసు దారానికి సీసపు గుండు కట్టి, గేలానికి రొయ్య గుచ్చి అడుగుదాకా వదిలారు. గంట గడిచేసరికి నూకరాజు ఆరు గొరక చేపలు లాగాడు. సుభాష్ రెండు లాగాడు, మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. పెద్దవాళ్ళిద్దరికీ ఒక్క చేపా పడలేదు.

ఉన్నట్టుండి మాస్టారి తంగూసు బిగిసింది. అదే క్షణంలో దొరబాబు గారిదీ బిగిసింది. ఈయన రెండు మూరలు లాగితే కిందది మూడు మూరలు గుంజుకుంటోంది. బిగువుని బట్టి పన్నెండు కేజీలుంటుందని మాస్టారు పైకే లెక్కకట్టారు. తనది పదిహేనుకి తగ్గదని మాస్టారికి చెప్పమని దొరబాబు గారు సుభాష్‌ని పురమాయించారు. నోట్లోంచి మాట వస్తే ఇంకేదో కూడా వచ్చేలా ఉంది సుభాష్‌కి. పాపం, అయినా చెప్పాడు. అరగంట అలాగే సాగింది. చేతులు కోసుకుపోతున్నా ఒక్కరూ వదల్లేదు.

ఇక ఓపిక లేక మాస్టారు నూకరాజుని సాయం పట్టమన్నారు. నూకరాజు బుర్ర గోక్కున్నాడు.

"రెండు గేలాలూ పడవ కింద తగులుకున్నాయండి. మీరాయన్నీ, ఆయన మిమ్మల్నీ లాగుతున్నారండి."

ఎప్పట్నుంచి తెలుసని అడిగితే మొదట్నుంచీ తెలుసన్నాడు. మరెందుకు చెప్పలేదురా అంటే, పెద్దోళ్ళు సరదా పడుతుంటే మధ్యలో చెప్పడం మర్యాద కాదు కదండీ అన్నాడు. మన గోదావరి మర్యాద ఇరవై బారల నీళ్ళమీదైనా తగ్గదు.

చిక్కు పైకి వచ్చింది. అది విప్పాలంటే ఒకరు ముడి పట్టుకోవాలి, ఇంకొకరు గేలం తియ్యాలి. ఇద్దరూ మోకాళ్ళు తగిలేలా కూర్చున్నారు. ముడి విప్పుతూ, తలెత్తకుండానే దొరబాబు గారు అన్నారు.

"పెళ్ళికి వచ్చేనండి, మాస్టారూ."

మాస్టారు ముడి వదిలేసి తలెత్తారు.

"పిలవలేదు కదాని లోపలికి రాలేదండి. హెల్మెట్టెట్టుకుని చర్చి ఎదర కిళ్ళీకొట్టు దగ్గర నిలబడ్డాను. అమ్మాయి కారు దిగడం చూసేను. మా ఆవిడ దుర్గాశ్రీక్కూడా చెప్పలేదండి."

రాజోల్లో హెల్మెట్టు పెట్టుకున్న మనిషి కనబడితే ఊరంతా తిరిగి చూస్తుంది. ఆ రోజు మాస్టారికి తీరిక లేదు. భోజనాలకి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టుకుంటున్నారు. ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులనిండా రొయ్యల నీసు.

ఒడ్డుకి చేరాక మాస్టారు గొరకలు పంచుకోవడానికి కూడా ఆగలేదు. ఇంటికెళ్ళి స్నానం చేసి, బీరువా అడుగున మిగిలిన శుభలేఖ వెతికి తీశారు. భార్య రూతు గారిని పట్టుచీర కట్టుకోమన్నారు. ఆవిడ ఎందుకని అడిగి, విని, వెంటనే కట్టుకున్నారు. దారిలో డజను అరటిపళ్ళు కొన్నారు.

దొరబాబు గారు అప్పుడే తల తుడుచుకుంటూ వసారాలోకి వచ్చారు. ఇద్దరినీ చూసి గబగబా చొక్కా తొడుక్కుని దుర్గాశ్రీ గారిని కేకేశారు. రూతు గారు ఆవిడ చేతిలో పళ్ళు పెట్టారు. మాస్టారు నిలబడే, రెండు చేతులతో శుభలేఖ అందించారు.

"మా శారోన్ పెళ్ళండి. మీరూ చెల్లెమ్మా ముందు రోజే వచ్చేయాలి."

దొరబాబు గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. శుభలేఖ మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఇరవై నెలల కిందటి తేదీ మీద వేలుంచారు.

"ఆయ్, అలాగేనండి," అన్నారు. "తప్పకుండా వస్తాం."