వెనక మెట్ల మీదుగా సీమంతం

మార్కాపురంలో మా నాయన పలకల వ్యాపారం బాగా సాగిన రోజుల్లో కట్టించిన మేడ ఇప్పుడు నా చేతిలో ఉంది. కింద బట్టల దుకాణం, మధ్య అంతస్తులో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే సెంటర్, పైన వందమంది పట్టే చిన్న ఫంక్షన్ హాలు. మేడను చూసుకోవడమంటే సున్నాలు వేయించడం, మోటారు కాలిపోతే బాగుచేయించడం అనుకునేదాన్ని. నిప్పు సంగతి ఎప్పుడూ నా తలలోకి రాలేదు.

హాలు అనుమతి కాగితం కోసం దరఖాస్తు పెడితే తనిఖీకి ఫైర్ ఆఫీసర్ వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి. వెనక మెట్లు చూపించమంటే నేను గర్వంగా ముందు నడిచాను. రెండో మెట్లు కట్టించే ముందుచూపు ఆ రోజుల్లో మా నాయనకు తప్ప ఎవరికుంది? తీరా చూస్తే పైతలుపుకు తాళం. దాని చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కిందినుంచి ఎక్కుదామంటే మెట్లనిండా దుకాణం అట్టపెట్టెలు, చేతులు విరిగిన బట్టల బొమ్మలు.

"మెట్లున్నాయి మేడమ్, దారే లేదు" అన్నాడాయన. "పైన వందమంది ఉన్నప్పుడు ముందు మెట్లకు పొగ కమ్మిందనుకోండి. ఎట్ల దిగుతారు?"

ఇన్నాళ్లూ ఎన్ని నిశ్చితార్థాలు, ఎన్ని పుట్టినరోజులు జరిగాయి ఆ హాల్లో! తలచుకుంటే ఆ పూట అన్నం సయించలేదు.

మరునాడు కింద బట్టల దుకాణం అద్దెకు నడిపే ఆయనను పెట్టెలు తీయమన్నాను. ఆయన నవ్వేశాడు.

"పదేండ్ల నుంచి ఇట్లే ఉన్నాయి కదక్కా! ఏమన్నా అయినాదా?"

"నీ భార్య రోజూ మధ్యాహ్నం పైన కుట్టు నేర్చుకుంటా ఉంది కదా తమ్ముడూ. కింద నీ దుకాణంలో బట్టలంటుకుంటే ఆమె ఎట్ల దిగుతాదో చెప్పు."

సాయంత్రానికి మెట్ల మీద ఒక్క పెట్టె లేదు.

తాళం పగలగొట్టించి, లోపలినుంచి నెడితే చాలు తెరుచుకునే తలుపు పెట్టించాను. పాత వైర్లు మార్పించాను. ప్రతి అంతస్తులో మంటలార్పే ఎర్ర సిలిండర్లు తగిలించాం. వాటిని ఎలా వాడాలో ఫైర్ స్టేషన్ వాళ్లే వచ్చి నేర్పారు. "ఒక సిలిండర్‌తో ఆరకపోతే ఆగొద్దు, తలుపు మూసి బయటపడండి" అని మరీమరీ చెప్పారు. ఒక పెద్ద గంట తగిలించి, అది మోగితే అందరూ చేరాల్సిన చోటు వెనకున్న ఖాళీ జాగా అని గోడలమీద రాయించాను. ఇంకేం కావాలి అనుకున్నాను. నిప్పంటుకుందనుకుని చేసే మాక్ డ్రిల్ రోజు తెలిసింది.

గంట కొట్టాను. కుట్టు సెంటర్లో ఒకామె "ఈ కుట్టు అయిపోనీ అక్కా" అంది. ఇంకొకామె ఫోన్ మర్చిపోయానని వెనక్కి పరుగెత్తింది. మిగిలినవాళ్లంతా ఒక్కసారిగా తలుపు మీద పడి ఇరుక్కున్నారు. కింద దుకాణం ఆయన మాత్రం చురుగ్గా బయటికొచ్చి, షట్టర్ దించి, తాళం కూడా వేశాడు. లోపల్నుంచి ఎవరో దబదబా బాదుతున్నారు. చీర కొనడానికొచ్చిన ఒక పెద్దావిడను లోపలే పెట్టి తాళం వేసేశాడు! తెరిచాక ఆమె తిట్టిన తిట్లకు బజారంతా పోగైంది. నవ్వలేక మాకు పొట్టలు చెక్కలయ్యాయి.

మా మేడ ఊడ్చే ఆమెను నేను అత్తా అంటాను. పక్క పల్లెలో వాళ్లకు గొర్రెల మంద ఉంది. ఆమె ఒక్కతే నవ్వలేదు. చీపురు గోడకానించి నా దగ్గరకొచ్చింది.

"ఇట్ల కాదు కోడలా. మందను ఒకేసారి తోలితే వాకిట్లోనే ఇరుక్కుంటాయి. ముందర ఒకరు నడవాల. ఎనక ఒకరుండి ఏదన్నా మిగిలిందేమో చూసుకుంటా రావాల. అరిస్తే బెదురుతాయి. నెమ్మదిగా పిలవాల."

"మరి వెనక ఎవరుంటారత్తా?"

"నేను లేనా?"

ఆమె మాట ప్రకారమే అంతా మార్చాం. ప్రతి అంతస్తుకు ముందు నడిచే మనిషి ఒకరు. ప్రతి గదీ, బాత్రూములతో సహా చూసి చివరగా దిగేది అత్త. రెండోసారి గంట కొడితే, నేను కిందికి దిగి చూసేసరికి అందరూ ఖాళీ జాగాలో నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. దుకాణం ఆయన పక్కన ఇద్దరు కొనుగోలుదారులు కూడా ఉన్నారు.

మూడు నెలల తర్వాత హాల్లో సీమంతం జరిగింది. పిల్లది మార్కాపురమే, అత్తవారిది గిద్దలూరు. పొద్దున రైలుకు బంధువులంతా దిగారు. పదకొండు గంటలప్పుడు నేను హాలును ఆనుకున్న వంటగది వైపు వెళ్లానో లేదో, గారెల బాణలిలో నూనె భగ్గుమంది. వంటాయన కంగారులో నీళ్ల బకెట్ ఎత్తాడు.

"నీళ్లు పొయ్యొద్దు అన్నా! గ్యాస్ ఆపు!" అని అరిచాను.

ఆయన గ్యాస్ బండ కట్టేసి బాణలి మీదికి పెద్ద మూత జరిపాడు. కానీ అప్పటికే కిటికీ తెర అంటుకుంది. ఒక ఎర్ర సిలిండర్ ఖాళీ చేశాం. మంట తగ్గింది గానీ పొగ కమ్ముకొస్తోంది. ఇక ఆగకుండా తలుపు మూసి గంట కొట్టి, ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేశాను. కింద దుకాణం ఆయన కరెంటు మెయిన్ ఆపేశాడు.

హాల్లో కలకలం మొదలైంది. అప్పుడు అత్త గొంతు వినబడింది. అరుపు కాదు, ఇంట్లో అన్నానికి పిలిచినట్టు.

"ఏం కాలేదు తల్లీ, ఎనక మెట్ల మీద దిగుదాం పాండి. ముందరున్న మా కోడలి వెంట నడవండి. పిల్లలను ఎత్తుకోండి. కడుపుతో ఉన్న పిల్లకు దారియ్యండి."

నేను ముందు నడిచాను. నా చేయి పట్టుకుని పెళ్లికూతురిలా అలంకరించుకున్న ఆ పిల్ల, మా వెనక వరసగా పట్టుచీరలు. ఎవరూ ఎవరినీ తోయలేదు. కింద నిలబెట్టి "మీమీ ఇంటోళ్లను చూసుకోండి" అన్నాను. పిల్ల గుంపంతా కలియచూసి అరిచింది. "తాత యాడ? మా తాత రాలేదక్కా!"

నేను మెట్ల వైపు పరుగెత్తాను. అంతలో మెట్ల మలుపులో అత్త, ఆమె వెనకే తాత కనిపించారు. చెవులు సరిగా వినిపించని ఆ పెద్దాయన హాలు పక్క గదిలో పడుకుని నిద్రపోయాడట. ఆమె భుజం పట్టుకుని నింపాదిగా దిగుతూ ఆయన అడిగాడు:

"ఏందమ్మా, భోజనాలు కింద పెట్టినారా?"

భయంతో బిగుసుకున్న ఆ గుంపంతా ఒక్కసారిగా నవ్వింది. పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

ఫైరింజన్ వచ్చి మిగిలిన మంటను పది నిమిషాల్లో ఆర్పేసింది. వంటగది గోడ నల్లబడింది, తెర, రెండు బల్లలు పోయాయి. అంతే. ఆ రోజుకు పైకి వెళ్లొద్దని ఆఫీసర్ చెప్పాడు.

"ఈడనే చేద్దాం" అంది పిల్ల అత్తగారు. "జనం అంతా క్షేమం. ఇంతకు మించి మంచి ముహూర్తం ఏముంది?"

దుకాణం ఆయన కొత్త దుప్పట్లు తెచ్చి పరిచాడు. కుట్టు సెంటర్ వాళ్లు కుర్చీకి చీర చుట్టి పూలు గుచ్చారు. ఎదురుగా ఉన్న హోటల్ నుంచి వేడివేడి పులిహోర, పెరుగన్నం వచ్చాయి. ఫైర్ వాళ్లను కూడా కూర్చోబెట్టి వడ్డించాం. బూట్లు విప్పి బాసింపట్టు వేసుకున్న ఆఫీసర్ రెండోసారి పులిహోర అడిగి పెట్టించుకున్నాడు.

గాజులు తొడిగే వేళయింది. ముత్తైదువలు పళ్లెం దగ్గర చేరారు. పిల్ల చుట్టూ చూసి, దూరంగా నిలబడ్డ అత్తను పిలిచింది.

"అవ్వా, ముందు నువ్వు తొడుగు."

అత్త చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. పచ్చగాజులు ఒక్కొక్కటే, ఒక్కటి కూడా చిట్లకుండా ఆ చేతికి ఎక్కించింది. ఎండలో గాజులు తళుక్కుమంటుంటే ఎవరో పాట అందుకున్నారు. నాకు పాట రాదు, అయినా అందరితో గొంతు కలిపాను.