రెండు ముక్కలైన అర్థశాస్త్రం

మొన్న మా మనవరాలు డిగ్రీ పరీక్షలకు చదువుకుంటూ, స్నేహితురాలెవరో అడిగిందని తన నోట్సంతా ఫోనులో ఫొటోలు తీసి క్షణంలో పంపించేసి, మళ్లీ చదువులో పడిపోయింది. పక్కన కూర్చుని పేపరు చూస్తున్న నాకు మాత్రం ఆ తరవాత ఒక్క అక్షరం బుర్రకెక్కితే ఒట్టు.

మన కాలం వాళ్లకు చెప్పనక్కర్లేదు, పుస్తకం కొనాలంటే ఇంట్లో ఎంత రాద్ధాంతమో. మా మేనత్త కొడుకూ నేనూ అనకాపల్లిలో ఒకే గదిలో ఉండి బి.ఏ. చదివేవాళ్లం, ఇద్దరికీ కలిపి ఒకటే అర్థశాస్త్రం పుస్తకం. ఆఖరి సంవత్సరం పరీక్షల ముందు చదువుకోమని సెలవులిచ్చేసరికి, ఎస్. రాయవరం దగ్గర బావ వాళ్ల ఊళ్లో వాళ్లింటికి గానుగ వంతు వచ్చింది. ఊళ్లో చాలామందికి కలిపి ఒకటే గానుగ, బెల్లం వండుకునే పెనమూ ఒకటే. వంతు దాటిపోతే మళ్లీ వచ్చేదాకా చెరకు తోటలోనే ఎండాలి. అందుకని బావ ఊరికి బయల్దేరుతూ పుస్తకాన్ని బ్లేడుతో నడిమికి కోసి, ముందుసగం నాకిచ్చి వెనకసగం తాను పట్టుకెళ్లాడు. పదిరోజులకు నేను వెళ్లి మార్చుకురావాలని ఒప్పందం.

నేను వెళ్లేసరికి బావ పొయ్యిలోకి చెరకుపిప్పి ఎగదోస్తున్నాడు. నన్ను చూసి చేతులు కడుక్కుని, తువ్వాల్లో చుట్టి దాచుకున్న తన సగం తెచ్చి ఇచ్చాడు. నా సగం నా సంచీలోనే ఉంది. కానీ అందులో రెండు పాఠాలు నాకింకా కొరుకుడు పడలేదు, పరీక్ష తప్పితే మా నాన్న చదువు మాన్పించి పొలానికి తోలేస్తానని ముందే చెప్పాడు. నోరెలా వచ్చిందో గాని, గదిలో మరిచిపోయానని, రేపు పొద్దుటి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిస్తానని అనేశాను.

"దానికేటిలే బావా, నీకు ఈలైనప్పుడే పంపు," అని, దారిలో తినమని వేడి బెల్లం ఆకులో పెట్టిచ్చాడు. సిగ్గులేకుండా బస్సులో కూర్చుని అదీ తిన్నాను.

ఆ రేపు మర్నాటికి, మర్నాడు ఆపై వారానికి జరిగి, చివరికి పరీక్షే వచ్చేసింది. నేను గట్టెక్కాను, బావకు ఆ ఒక్క పేపరే పోయింది. మళ్లీ రాయమని ఇంటిల్లిపాదీ, నాతో సహా, బతిమాలాం; వచ్చే ఏడు చూద్దామంటూనే వ్యవసాయంలో స్థిరపడిపోయాడు. నేను ఆ డిగ్రీతో గుమాస్తాగా చేరి, మేనేజరునై రిటైరయ్యాను.

మొన్న మనవరాలు నోట్సు పంపిన సాయంత్రమే బావకు ఫోను చేసి జరిగిందంతా చెప్పేశాను.

"ఆవేళ నీ సంచీలోంచి పుస్తకం అంచు కనబడతానే ఉంది బావా," అన్నాడు. "నీ మొకం సూసి అడగలేకపోయేను."

ఒకరికిస్తే మనకు లేకుండా పోయే పుస్తకాలు ఇప్పుడు లేవు, సంతోషమే. కానీ నా అబద్ధాన్ని కళ్లెదుటే చూస్తూ, నాకోసం నమ్మినట్టు ఉండిపోయిన మనిషిని క్షమించమని ఎలా అడగాలో, ఆ పుస్తకం రెండు సగాలూ దగ్గర పెట్టుకుని చదివిన నాకు ఇంకా తెలియడం లేదు.